బోర్డు మీది సంవత్సరం చూసి తినండి

ఊరి నుంచి చుట్టాలు వచ్చి "హైదరాబాదులో ఎక్కడ తినాలి?" అని అడిగితే నేను వాళ్లను కొత్త మాల్స్ వైపు తీసుకెళ్లను. మెట్రో ఎక్కించి గాంధీభవన్ స్టేషన్‌లో దింపుతాను. అక్కణ్నుంచి మొజంజాహీ మార్కెట్ నడిచిపోయేంత దూరమే. గడియార స్తంభం కింద నిలబడితే ఒకవైపు నాంపల్లి, ఒకవైపు ఆబిడ్స్, ఒకవైపు కోఠి, ఇంకోవైపు బేగంబజారు. ఎటు పోయినా ఇరవై నిమిషాల నడక, కాస్త అటూ ఇటూ. హైదరాబాదు తిండిని ఇంత తక్కువ దూరంలో ఇన్ని రకాలుగా చూపించే చోటు నాకు ఇంకోటి తెలియదు.

ఇక్కడి పాత దుకాణాలు పుట్టిన సంవత్సరాలను వరుసగా రాసి చూడండి. గ్రాండ్ హోటల్ 1935. సుభాన్ బేకరీ 1948. తాజ్‌మహల్ హోటల్ 1948. ఫేమస్ ఐస్‌క్రీమ్ 1951. కరాచీ బేకరీ 1953. మార్కెట్ కట్టడం కూడా 1935 నాటిదే. అంటే ఈ చుట్టుపక్కల జనం ఇప్పటికీ వరుసకట్టే రుచుల్లో చాలా వాటికి పద్దెనిమిదేళ్ల వ్యవధిలోనే పునాది పడింది.

ఆ పద్దెనిమిదేళ్లలో, ఆ వెంటనే ఈ ఊరికి ఏం జరిగిందో చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1947లో దేశ విభజన. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. మరో ఎనిమిదేళ్లకు, 1956లో, ఆంధ్రప్రదేశ్‌కు ఇదే రాజధాని అయింది. ఒక్కో మలుపు దగ్గరా కొందరు ఊరు వదిలిపోయారు, కొందరు కొత్తగా దిగారు. వచ్చినవాళ్లు పొయ్యి వెలిగించారు. బోర్డు మీది సంవత్సరాన్ని నేను దుకాణం వయసుగా మాత్రమే చూడను. ఎవరో ఒకరు సామాను దించుకున్న రోజుగా చూస్తాను.

2011 జనాభా లెక్కల్లో హైదరాబాదు జిల్లా జనం 39 లక్షలు దాటారు. తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు, ఉర్దూ చెప్పుకున్నవాళ్లు దాదాపు సమానం, చెరో 43 శాతం చుట్టూ. మిగతా వాటాలో హిందీ, మరాఠీ, తమిళం, గుజరాతీ, మార్వాడీ, కన్నడం అన్నీ ఉన్నాయి. ఈ వాటాలు కాగితం మీద అంకెలు. మొజంజాహీ దగ్గర అవి పళ్లెంలో కనిపిస్తాయి.

ముందు మార్కెట్ సంగతి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టి, ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. గ్రానైట్ రాయి కట్టడం, రెండు చేతులు చాచినట్టు రెండు వైపులా సాగిన దుకాణాల వరుసలు, మధ్యలో గడియారం. చాలా ఏళ్లు పోస్టర్లు, బోర్డులు, తీగల కింద ఆ రాయే కనపడకుండా పోయింది. మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో మళ్లీ ప్రారంభించారు. ఆ రోజు నుంచీ సాయంత్రంపూట లోపలి ఆవరణలో కుర్చీ దొరకడం కష్టమే.

ఆ కుర్చీల్లో జనం తినేది పండ్ల ఐస్‌క్రీమ్. మార్కెట్ ఒకప్పుడు పండ్లకు పేరుపడ్డది, కాబట్టి పండ్ల పక్కనే ఐస్‌క్రీమ్ పుట్టడంలో వింత లేదు. 1951 నాటి ఫేమస్‌తో పాటు షా, బిలాల్ అనే దుకాణాలు కూడా ఉన్నాయి. మూడింటికీ ఎవరి అభిమానులు వాళ్లకున్నారు. నా ఓటు పాతదానికే.

ఈ ఐస్‌క్రీమ్ పాత పద్ధతిలో ఎలా తయారవుతుందో ఒక్క నిమిషం ఆగి చూడాలి. కర్ర బకెట్, దాని లోపల లోహపు డబ్బా, డబ్బాలో పాలు, చక్కెర, పండు గుజ్జు. బకెట్‌కూ డబ్బాకూ మధ్య సందులో ఐసు ముక్కలు, రాళ్ల ఉప్పు. పైనుంచి పిడి పట్టి తిప్పుతూ ఉండాలి. ఉప్పు ఎందుకంటే, ఒట్టి ఐసు కరిగేటప్పుడు 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చక్కెర కలిసిన పాలు గడ్డకట్టడం మొదలవ్వాలంటే అంతకంటే రెండు మూడు డిగ్రీలు కిందికి దిగాలి. ఒట్టి ఐసులో పెట్టి రోజంతా తిప్పినా చల్లటి పాలే మిగులుతాయి. మూడు పాళ్ల ఐసుకు ఒక పాలు ఉప్పు కలిపితే ఆ మిశ్రమం సైన్సు లెక్క ప్రకారం మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. బకెట్‌లో అంత దిగకపోయినా సరిపోతుంది. డబ్బా గోడకు పట్టిన పొరను లోపలి చెక్క గీకుతూ మధ్యలోకి తెస్తుంది. చేత్తో తిప్పినప్పుడు గాలి తక్కువ చేరుతుంది. అందుకే ఈ ఐస్‌క్రీమ్ చెంచాకు బరువుగా తగులుతుంది, నోట్లో పండు పీచు తెలుస్తుంది. యంత్రం గాలి నింపి ఉబ్బించిన దానికీ దీనికీ తేడా చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు. పక్కపక్కన రెండు చెంచాలు తింటే చాలు.

ఇక 1935 దగ్గరికి వెళ్దాం. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు పెట్టింది. ఇరాన్ నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి ఇక్కడికి చేరిన కుటుంబాలు హైదరాబాదుకు ఇచ్చిన పెద్ద వస్తువు చాయ్. దీన్ని టీ అని పిలిస్తే సర్వర్ వింతగా చూస్తాడు.

మా పెద్దమ్మ ఖమ్మం నుంచి వచ్చినప్పుడు ఆ పక్క వీధిలోని ఓ ఇరానీ హోటల్‌లో కూర్చోబెట్టాను. పాలరాయి పలక వేసిన బల్ల, చెక్క కుర్చీలు. సర్వర్ వచ్చి "క్యా హోనా భాయ్, సాదా కీ పౌనా?" అన్నాడు. పౌనా అంటే ముప్పావు. పాల వాటా ఎక్కువ. పెద్దమ్మకు పౌనా చెప్పాను. ఒక గుక్క తాగి, కప్పును సాసర్‌లో పెట్టి, "ఇది టీ కాదురా, పాయసం" అంది. తర్వాత సాసర్‌లో ఒంపుకుని నిదానంగా తాగింది. ఆ హాల్లో సగం మంది తాగే పద్ధతీ అదే. ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

ఆ చిక్కదనం వెనక ఉన్నది రెండు పాత్రలు. కళాయి పోసిన రాగి పాత్రలో నీళ్లు, టీ పొడి పోసి, మూతపెట్టి, సన్న సెగ మీద దమ్ ఇస్తారు. పక్క పాత్రలో పాలు విడిగా మరుగుతూ చిక్కబడుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఇంట్లో మనం పాలు, నీళ్లు, పొడి, చక్కెర ఒకే గిన్నెలో వేసి పొంగిస్తాం కాబట్టి ఎంత మంచి పొడి తెచ్చినా ఆ రుచి రాదు. చాయ్‌తో పాటు లుఖ్మీ దొరికితే వదలకండి. నలుచదరంగా మడిచిన పిండిలో ఖీమా కూరి వేయించిన పలహారం. శాకాహారులకు ఉల్లిపాయ ముక్కలు పెట్టిన చిన్న సమోసా ఉంది. అది పొద్దున కంటే సాయంత్రం బాగుంటుంది, ఎందుకంటే నూనెలోంచి తీసిన పది నిమిషాల్లోపే ప్లేటు ఖాళీ అవుతుంది.

గ్రాండ్‌లో బిర్యానీ కోసం వెళ్లేవాళ్లు మధ్యాహ్నం హండీ తెరిచే వేళకు చేరుకోవాలి. కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసం పెరుగులో, మసాలాలో నాని అడుగున ఉంటుంది. దాని మీద సగం ఉడికిన బియ్యం. మూత చుట్టూ పిండితో మూసేశాక వంటవాడికి లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. మాంసం, బియ్యం రెండూ ఒకే నిమిషానికి ఉడకాలి. ఈ లెక్క పుస్తకంలో ఉండదు, చేతిలో ఉంటుంది. తెరిచాక పైపైన తీయకుండా అంచు నుంచి అడుగుదాకా నిలువుగా తీస్తారు. పళ్లెంలో తెల్లటి అన్నం, కుంకుమపువ్వు రంగు అన్నం, మసాలా పట్టిన గోధుమరంగు అన్నం, మూడూ కనిపిస్తే సరిగా తీశారని అర్థం. ఒకే రంగులో వస్తే ఎప్పుడో కలిపేసి ఉంచారన్నమాట.

రంజాన్ నెలలో ఇదే వీధుల్లో హలీం బట్టీలు లేస్తాయి. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో మాంసాహార వంటకానికి అలాంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి. ఆ గుర్తింపు వెనక అంకెలతో కూడిన షరతులున్నాయి. మాంసం 10 పాళ్లకు గోధుమ 4 పాళ్లు. మేక మాంసమే వాడాలి. నెయ్యి నాణ్యత పరీక్షలో నెగ్గాలి. రాగి పాత్రలో, కట్టెల పొయ్యి మీద 12 గంటలు ఉడకాలి. ఈసారి ఎక్కడైనా హలీం గిన్నెలో చెంచా పెట్టినప్పుడు ఆ 10కి 4 గుర్తు తెచ్చుకోండి. పిండి జావలా జారితే గోధుమ ఎక్కువైందని, పీచు తీగలా సాగితే మాంసం లెక్క సరిపోయిందని మీకే తెలుస్తుంది.

నాంపల్లి వైపు నడిస్తే సుభాన్ బేకరీ. పుట్టిన ఏడాది 1948. జనం ఎక్కువగా అడిగేది ఉస్మానియా బిస్కెట్. ఉస్మానియా ఆస్పత్రి రోగుల కోసం మొదట చేశారు కాబట్టి ఆ పేరొచ్చిందని ఒక కథ, ఏడో నిజాం పేరు మీద వచ్చిందని ఇంకో కథ. ఏ కథ నమ్మినా, చాయ్‌లో ముంచితే రెండు క్షణాల్లో పైకి తీయాలి. మూడో క్షణానికి విరిగి కప్పులో పడుతుంది. తీపి, ఉప్పు రెండూ తగిలే బిస్కెట్ కావడం వల్లే చిక్కటి చాయ్‌కి ఇది ఇంతగా నప్పింది. మొహర్రం నెలలో ఇక్కడ దమ్ కే రోట్ దొరుకుతుంది. బొంబాయి రవ్వ, నెయ్యి, బాదం, కుంకుమపువ్వు. పైన పగుళ్లు, లోపల ఇసుకలా రాలే మెత్తదనం. ఏడాదిలో కొన్ని రోజులే చేసే వస్తువు కాబట్టి ఆ రోజుల్లో వరుసలో నిలబడడానికి సిద్ధపడి వెళ్లాలి.

అదే చుట్టుపక్కల హమీదీ మిఠాయి దుకాణం ఉంది. తుర్కియే నుంచి వచ్చిన కుటుంబం నూరేళ్లకు పైగా నడుపుతున్నది. అక్కడ అడగాల్సింది జౌజీ హల్వా. మొలకెత్తించిన గోధుమల పిండి, పాలు, చక్కెర, నెయ్యి కలిపి గంటల కొద్దీ కలియబెడితే వచ్చే ముదురు రంగు హల్వా. మొలకెత్తిన గోధుమలో సహజంగా పుట్టే తీపి వల్ల దీని రుచి మన గోధుమ హల్వాకు దూరంగా ఉంటుంది. మొదటి ముక్కకు అలవాటు కాకపోవచ్చు. రెండోది తినండి.

ఇక 1953. ఈ కథలో నాకు అన్నిటికంటే దగ్గరైన సంవత్సరం. విభజనలో సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ ఇక్కడ బేకరీ పెట్టి, పోగొట్టుకున్న ఊరి పేరు పెట్టుకున్నారు. కరాచీ. పండ్ల బిస్కెట్ తెరిస్తే కనిపించే ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ముక్కలు చాలామంది ఏవో విదేశీ పండ్లనుకుంటారు. టూటీ ఫ్రూటీ అని పిలిచే ఆ ముక్కలు మామూలుగా మన పచ్చి బొప్పాయివే. ముక్కలు కోసి, ఉడికించి, చక్కెర పాకంలో ఊరబెట్టి రంగు వేస్తారు. పెరట్లో కాసే కాయ, సింధీ బేకరీ చేతుల్లోంచి దేశమంతా తిరిగే బిస్కెట్ అయింది. హైదరాబాదు వచ్చి వెళ్లేవాళ్ల సంచిలో ఆ డబ్బా లేకుండా రైలు కదలడం అరుదు.

ఈ పేరు మార్చమని 2019లోనూ, 2025లోనూ సరిహద్దు ఉద్రిక్తతలప్పుడు కొందరు దుకాణాల ముందు ఆందోళన చేశారు. తాము భారతీయ సంస్థేనని, పెట్టింది విభజనలో వచ్చిన కాందిశీకుడని యాజమాన్యం చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంటి పేరులో ఊరి పేరు మోసే తెలుగువాళ్లకు ఈ బాధ వెంటనే అర్థం కావాలి. మన ఇంటి పేర్లలో ఎన్నో ఊళ్లు మనం ఎన్నడూ చూడనివి, పూర్వీకులు వదిలి వచ్చినవి. వాటిని తీసేయమంటే తీసేస్తామా? ఆ బోర్డు మీది మాట ఒక మనిషి తన ఊరిని గుర్తుంచుకున్న తీరు. దాన్ని అలాగే ఉండనివ్వడం న్యాయం.

మాంసం ముట్టని చుట్టాలొస్తే ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్. ఇదీ 1948దే. ఉడిపి వంట సంప్రదాయం. పొద్దున ఇడ్లీ, వడ, సాంబారు, చివర్లో ఫిల్టర్ కాఫీ. చాయ్ ఊళ్లో కాఫీ తన చోటు తాను నిలబెట్టుకున్న హాలు అది. మా పెద్దమ్మ శనివారం ఒంటిపొద్దు ఇక్కడే గడిచింది.

అదే దోశ, తెల్లవారకముందు, మొజంజాహీ దగ్గర రామ్ కీ బండి మీద ఇంకో జన్మ ఎత్తుతుంది. పేనం మీద పిండి పరిచి, వెన్న ముద్ద వేసి, ఉప్మా, ఉల్లి, టమాటా, పావ్‌భాజీ మసాలా అన్నీ దోశ మీదే మెదిపి, అడగ్గానే చీజ్ తురుము కూడా పోస్తాడు. ఉడిపి దోశ పద్ధతి ఎరిగినవాళ్లకు మొదట కంగారుగా ఉంటుంది. దక్షిణాది పేనం మీద బొంబాయి పావ్‌భాజీ వచ్చి కూర్చుంది. రాత్రి డ్యూటీలు ముగించుకున్నవాళ్లు, రైలు దిగినవాళ్లు, పరీక్షలకు చదివే పిల్లలు ఆ బండి చుట్టూ నిలబడే తింటారు. ప్లేటు చేతిలో వేడిగా ఉన్నప్పుడే తినేయాలి. చల్లారితే వెన్న గడ్డకట్టి రుచి పోతుంది.

బేగంబజారులో నేను తినడం తక్కువ, కొనడం ఎక్కువ. రెండో నిజాం భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలం కాబట్టి ఆ పేరు. డ్రై ఫ్రూట్స్, మసాలా దినుసులు టోకున దొరుకుతాయి. పొద్దునపూట వేడి కచోరీ తిని, జీలకర్ర, యాలకులు కొనుక్కుని బయటపడడమే.

కోఠిలో గోకుల్ చాట్. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి రెండు చోట్లా కలిపి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఈ దుకాణం ముందు నిలబడి చాట్ తింటున్నవాళ్లే. దుకాణం మళ్లీ తెరిచారు, జనం మళ్లీ వచ్చారు. ఇప్పటికీ సాయంత్రం అక్కడ భుజం భుజం తగలకుండా పానీపూరీ తినలేరు. నేను అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఆ తేదీ గుర్తొస్తుంది. గుర్తు రావాలి కూడా.

కోఠి దాకా వెళ్లినవాళ్లు సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని కూడా చూడాలని నా కోరిక. అది తిండి చోటు కాదు, గ్రంథాలయం. 1901లో పెట్టారు. ఈ వ్యాసం మొదట్లో రాసిన సంవత్సరాలన్నిటికంటే పాతది. ఈ పేటలో ఇరానీ చాయ్, సింధీ బిస్కెట్, ఉడిపి ఇడ్లీ వేళ్లూనక ముందే తెలుగు మాట ఇక్కడ ఒక ఇల్లు కట్టుకుంది.

జనవరిలో వచ్చేవాళ్లకు ఇంకో అదృష్టం. నుమాయిష్ అనే ప్రదర్శన 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇక్కడి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. మామూలుగా జనవరి 1న మొదలవుతుంది, నెలకు పైగా నడుస్తుంది. మిర్చీ బజ్జీ, హలీం, కశ్మీరీ డ్రై ఫ్రూట్స్, జిలేబీ ఒకే గేటు లోపల. దాని ఆదాయం విద్యాసంస్థలకు వెళ్తుంది.

2019 అక్టోబరు చివర్లో యునెస్కో ఒకేసారి 66 నగరాలను సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. మన దేశం నుంచి సినిమాకు ముంబయి, తిండికి హైదరాబాదు. ఆ గౌరవం ఏ ఒక్క బిర్యానీ వల్లో వచ్చిందనుకోను. ఇంత మంది ఇన్ని చోట్ల నుంచి వచ్చి ఒకే పేటలో ఒకరి పక్కన ఒకరు పొయ్యి పెట్టుకున్నందుకు వచ్చింది.

ఎక్కడ తినాలో తేల్చుకోవడానికి నేను పాటించే నియమం ఒకటే. ఒక్క వస్తువుకు పేరుపడ్డ చోట ఆ వస్తువే తినాలి. ఐస్‌క్రీమ్ దుకాణంలో పఫ్, బేకరీలో నూడుల్స్, చాయ్ హోటల్‌లో కాఫీ అడిగితే డబ్బు, ఆకలి రెండూ వృథా. ఇక్కడ నాలుగు చోట్ల నాలుగు వస్తువులు తిని, మధ్యలో నడవడానికి రోజంతా కేటాయించండి. తెల్లవారుజామున బండి దోశ, పది గంటలకు చాయ్, ఒంటిగంటకు బిర్యానీ, చీకటి పడ్డాక మార్కెట్‌లో ఐస్‌క్రీమ్. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కూడా ఉంటాయి కాబట్టి వీలైతే ఆ రోజే పెట్టుకోండి.

ఐస్‌క్రీమ్ కోసమే వెళ్లేవాళ్లు నెల చూసుకుని వెళ్లండి. మామిడి వేసవిలో, సీతాఫలం వానలు తగ్గుముఖం పట్టాక. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ రకం సీతాఫలం తోటల నుంచి బుట్టలు దిగేది దసరా, దీపావళి రోజుల్లో. చలి ముదిరాక ఆ పండు దొరకదు.